నాన్న మేకుల డబ్బా

నాన్న పోయి ఏడాది దాటాక గానీ ఆయన గది సర్దడానికి మాకు చేతులు రాలేదు. ఒక ఆదివారం అన్నయ్య, అక్క, నేను కూడబలుక్కుని వెళ్ళాం. మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా లాగాను. మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చెంచా కాడతో చుట్టూ కొద్దికొద్దిగా లేపుతూ పోతే చివరికి ఊడొచ్చింది. ఇనుము వాసన, కుట్టుమిషన్ నూనె వాసన కలిసి గుప్పుమన్నాయి. ఏడాదిగా ఆయన ఫొటో చూసినప్పుడు కూడా నిబ్బరంగానే ఉన్నాను. ఆ వాసన దగ్గర మాత్రం ఆగలేకపోయాను.

డబ్బా నిండా మేకులు. ఒక్కటీ కొత్తది కాదు. ఎక్కడెక్కడి నుంచో పీకినవి, వంకరపోతే నాన్న సాపు చేసినవి. ఒకదాన్ని వేళ్ళ మధ్య తిప్పితే ఒంటి మీద చిన్న చిన్న చదును మచ్చలు తగిలాయి, సుత్తి దెబ్బ పడిన చోటల్లా ఒకటి. వాటి అడుగున మరలు, నట్లు, తోలు వాషర్లు, గడియారం స్ప్రింగు, దారంతో కట్టిన రెండు తాళంచెవులు. ఆ చెవుల తాళాలు నా చిన్నప్పుడే పోయాయి.

సెలవు రోజు మధ్యాహ్నం మా ఇంట్లో వినిపించే చప్పుడు అదే. నాన్న వెనక గుమ్మంలో పీట వేసుకుని, ముందు ఒక నల్లరాయి పెట్టుకుని కూర్చునేవాడు. నా పని పట్టకారుతో మేకు పట్టుకోవడం. వంకరగా ఉన్నంతసేపూ దెబ్బ బొంగురుగా మోగేది. సాపు అయ్యేకొద్దీ మేకు రాతికి ఆనుకుని టింగుమనేది. "కళ్ళతో చూడకురా, చెవితో విను" అనేవాడు. టింగుమన్నాక పక్కన పెట్టేవాళ్ళం. గంటకి ఇరవయ్యో పాతికో అయ్యేవి. అవి డబ్బాలో పడ్డాక ఆయన ముఖంలో కనిపించే తృప్తిని నేను తర్వాత ఏ కొత్త వస్తువు కొన్నవాళ్ళ ముఖంలోనూ చూడలేదు.

నా ఉద్యోగమంతా మనుషులు ఎంత వాడుతున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకోవడంలోనే గడిచింది. ఎన్ని బల్బులు, ఎంత వంటచెరకు, ఎన్ని బట్టలు, ఎంత ప్రయాణం. అన్నిటికీ ఫారంలో గడులు ఉండేవి. ఈ డబ్బాకి మాత్రం గడి లేదు.

*

మేం పదకొండు మందిమి ఆ ఇంట్లో. నాయనమ్మ, అమ్మానాన్నలు, బాబాయి, పిన్ని, అత్త, మేం ముగ్గురం, బాబాయి పిల్లలిద్దరు. గదులు నాలుగు, బల్బులు నాలుగు, రేడియో ఒకటి. చీకటి పడ్డాక వెలుగు ఎక్కడుంటే మనుషులు అక్కడుండేవాళ్ళం. నడిమి గదిలో బల్బు కింద మేం చదువుకుంటుంటే, అదే వెలుగులో అమ్మ గుండీలు కుట్టేది, అత్త ఉత్తరం రాసేది, నాయనమ్మ గోడకి ఆనుకుని కునుకు తీసేది. ఒకరు లేచి పక్క గదిలోకి వెళ్తే అక్కడ దీపం వేసేవారు, తిరిగి వస్తూ ఆర్పేవారు. నల్లటి గుండ్రటి స్విచ్చు, టక్కుమని గట్టిగా మోగేది. ఆ టక్కు వినపడకపోతే నాయనమ్మకి మెలకువ వచ్చేది. "దీపం ఆర్పారా?" అని నిద్రలోంచే అడిగేది.

వీధి గుమ్మం పక్కన కరెంటు మీటరు. దాని అద్దం వెనక పలచటి వెండిరంగు చక్రం, అంచున ఎర్రటి గీత. ఆ గీత కనబడి, మాయమై, మళ్ళీ కనబడేదాకా మేం అంకెలు లెక్కపెట్టేవాళ్ళం. రేడియో ఒక్కటే మోగుతుంటే ఎంత నిదానంగా తిరిగేదో, ఇస్త్రీపెట్టె పెట్టగానే ఎలా పరుగెత్తేదో మాకు కంఠతా తెలుసు. రాత్రి అందరూ పడుకున్నాక నాన్న టార్చి వేసి ఒకసారి మీటరు చూసేవాడు. చక్రం కదులుతుంటే ఎక్కడో ఏదో వెలుగుతోందని అర్థం. వెతికి ఆర్పి, గీత నిలబడింది అనుకున్నాకే పక్క ఎక్కేవాడు. ఇప్పుడు మా ఇంటి మీటరులో చక్రం లేదు, ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమంటుంది. అది కాస్త తొందరగా మినుకుమంటే ఇంట్లో ఏం నడుస్తోందో నేను చెప్పలేను. మా అమ్మాయి ఆ మీటరు ఎక్కడుందో కూడా ఎప్పుడూ అడగలేదు.

ఒక చొక్కా కథ చెప్పాలి. నాన్న నీలం గీతల చొక్కా. కాలరు మడత దగ్గర చిరుగు పట్టగానే అమ్మ కాలరు మొత్తం విప్పి, తిరగేసి, మళ్ళీ కుట్టింది. చిరిగిన వైపు లోపలికి పోయింది. అలా ఇంకో రెండేళ్ళు నడిచింది. తర్వాత మోచేతులు పోయాయి, చేతులు కత్తిరించి అన్నయ్యకి చేసింది. అన్నయ్య పొడుగవగానే నాకొచ్చింది. నా తర్వాత బాబాయి కొడుకు వేసుకున్నాడు. వాడి దగ్గర వెనక భాగం పలచబడి వెలుగు కనబడుతుంటే అమ్మ గుండీలు కోసి సీసాలో వేసుకుంది, మిగిలిన గుడ్డతో దిండు గలేబు కుట్టింది. గలేబు తర్వాత ఇల్లు తుడిచే గుడ్డ. ఆఖరికి నాన్న సైకిలు చైను తుడిచే పేలిక. చైను దగ్గర కూర్చుని ఆ పేలిక మీద నీలం గీత గుర్తుపట్టినట్టు నాకు జ్ఞాపకం. ఒకే బట్ట మా నలుగురి ఒంటి మీదా తిరిగి, మా కళ్ళ ముందే దారప్పోగులై పోయింది.

2000 నుంచి 2015 మధ్య ప్రపంచంలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపయిందని, ఒక్కో బట్ట తొడిగే సార్లు మాత్రం మూడో వంతుకు పైగా తగ్గాయని చదివినప్పుడు నాకు ఆ చొక్కాయే గుర్తొచ్చింది. మా అమ్మకి తెలిసిన ఆ కాలరు తిప్పే పని మా అక్కకి సగం వచ్చు. నాకు రాదు. మా పిల్లలకి అలాంటి పని ఒకటి ఉండేదని చెప్పినా నమ్మశక్యంగా ఉండదు.

*

ఇదంతా చెబుతుంటే ఆ రోజులే బంగారం అన్నట్టు వినిపిస్తుందేమోనని నాకు భయం. అలా అనలేను. అమ్మ చేతులు చూసినవాణ్ణి.

పదకొండు మంది బట్టలు చేత్తో ఉతికిన చేతులవి. చలికాలంలో వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు చిమ్మేది. వంటగదిలో కట్టెల పొయ్యి. పొయ్యి వెనక గోడ పైదాకా మసి పట్టి నిగనిగలాడేది. వేలితో రాస్తే పేరు రాయవచ్చు. నాయనమ్మ దగ్గు ఆ గోడలోంచే వస్తున్నట్టు ఉండేది. అప్పట్లో అది ముసలితనపు దగ్గు అనుకున్నాం. ఇళ్ళలో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ అంకె చదివిన రోజు నాకు అంకె కనబడలేదు, నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న తీరు కనబడింది.

గ్యాస్ పొయ్యి వచ్చిన రోజు నాన్న గోడకి రెండు పూతలు సున్నం వేశాడు. ఏడాది తిరిగినా గోడ తెల్లగానే ఉంది. అమ్మ ఆ గోడని మాటిమాటికీ చేత్తో తడిమి చూసుకునేది. కొన్నేళ్ళకి బట్టలుతికే యంత్రం వచ్చింది. మొదటిసారి అది తిరుగుతుంటే అమ్మ దాని ముందు పీట వేసుకుని పూర్తయ్యేదాకా కూర్చుంది. ఆ తర్వాతి నెలలోనే ఆమె మళ్ళీ పుస్తకాలు చదవడం మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు చదివేదట, మాకు తెలియదు. ఆ యంత్రం వాడే కరెంటునీ నీళ్ళనీ ఎవరైనా తప్పుపడితే నేను ఒప్పుకోను.

అయితే గోడ తెల్లబడిన ఆ ఏళ్ళలోనే మీటరులో చక్రం వేగం పెంచింది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే కాలంలో జరిగాయని గ్రహించడానికి నాకు ఉద్యోగంలో చేరాక గానీ కుదరలేదు.

*

ఉద్యోగం అంటే భుజానికి సంచి, సంచిలో ఫారాలు, చెవి మీద పెన్సిలు. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి, "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని మొదలుపెట్టాలి. కొన్నేళ్ళకోసారి మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళాలి. అదే నాకు దొరికిన అదృష్టం అనుకుంటాను. ఒకసారి చూస్తే ఇల్లు ఎలా ఉందో తెలుస్తుంది. నాలుగుసార్లు చూస్తే కాలం ఎటు పోతోందో తెలుస్తుంది.

మాకు శిక్షణ ఇచ్చిన పెద్దాయన మంచి మాస్టారు లాంటి మనిషి. సుద్దముక్కతో బోర్డు మీద మూడు మాటలు రాసి మధ్యలో గుణకారం గుర్తులు పెట్టాడు. జనం, సంపద, సాంకేతికత. ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఎంత వాడతారు, ఆ వాడేది తయారు చేసే పద్ధతి భూమిని ఎంత పాడు చేస్తుంది, ఈ మూడూ గుణిస్తే భూమి మీద పడే భారం. 1970ల మొదట్లో అమెరికా శాస్త్రవేత్తలు పాల్ ఎర్లిక్, జాన్ హోల్డ్రెన్ ఒక వైపు, బారీ కామనర్ ఇంకో వైపు నిలబడి చేసిన వాదోపవాదాల్లోంచి ఈ సూత్రం పుట్టిందని చెప్పాడు. తర్వాత కెనడాలో విలియం రీస్ అనే ప్రొఫెసరు 1992లో రాసిన వ్యాసం గురించి, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్‌తో కలిసి తయారుచేసిన పాదముద్ర లెక్క గురించి చెప్పాడు. ఒక మనిషి వాడేవన్నీ పండడానికి, పెరగడానికి, అతను కట్టుకున్నదానికి, అతని వల్ల గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువు పీల్చుకోవడానికి కలిపి ఎంత నేల, ఎంత నీరు కావాలి? అదే అతని పాదముద్ర. మా ఫారాలు ఆ లెక్కలోకే వెళ్ళేవి. 1970ల మొదటి నుంచీ ప్రపంచం మొత్తం పాదముద్ర భూమి ఏటా తిరిగి ఇవ్వగలిగినదాన్ని దాటిపోతోందని, మన వాడకం ఇప్పుడు సుమారు 1.7 భూముల పెట్టు అని, అందులో సగానికి పైగా ఆ వాయువు వాటాయేనని తర్వాత తర్వాత తెలిసింది.

బోర్డు మీది మూడు మాటలు నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఇళ్ళు తిరిగేకొద్దీ నాలుగో మాట ఒకటి రాయాలనిపించింది.

ఒక ఇల్లు ఉండేది. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళ కుటుంబాలు, పెద్ద వరండా. మొదటిసారి వెళ్ళినప్పుడు పన్నెండు మంది, ఫ్రిజ్ ఒకటి, టీవీ ఒకటి. రెండోసారి వెళ్ళేసరికి చిన్నవాడు వేరు పడ్డాడు. మూడోసారికి ముగ్గురూ మూడు ఇళ్ళలో ఉన్నారు. గొడవేం లేదు, పిల్లల చదువులకి ఒకరు, ఉద్యోగానికి ఒకరు. నేను మూడు ఫారాలు నింపాను. మూడూ కలిపితే మనుషులు పద్నాలుగు మంది, అంటే ఇద్దరే పెరిగారు. ఫ్రిజ్‌లు మూడు, టీవీలు నాలుగు, బట్టలుతికే యంత్రాలు మూడు, వాహనాలు ఐదు. ఆదాయాలు కూడా పెరిగాయి, నిజమే. కానీ ఆ ఇళ్ళల్లో ఎవరూ దుబారా మనుషులు కారు. పెద్దన్న దగ్గర ఇంకా విరిగిన గొడుగుల కమ్మీలు దాచిన మూట ఉండేది. ఫ్రిజ్ తెరిచేవాళ్ళు ముగ్గురే ఉన్నారని అది కరెంటు పావు వంతు తినదు కదా. జనం అంతే ఉన్నా గడపలు పెరిగితే భారం పెరుగుతుంది. 1985 నుంచి 2000 వరకు జీవవైవిధ్యం ఎక్కువగా ఉన్న దేశాల్లో జనాభా కంటే ఇళ్ళ సంఖ్యే వేగంగా పెరిగిందని పర్యావరణ శాస్త్రవేత్త జియాంగువో లియు బృందం 2003లో అచ్చువేసింది. అది చదువుతుంటే నా ఫారాల సంచి కళ్ళ ముందు కనబడింది.

ఇంకో ఇంట్లో ఒక పెద్దావిడ. మొదటిసారి నిండుగా ఉన్న ఇల్లు అది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఒక్కర్తే. పట్టపగలు మూడు గదుల్లో దీపాలు, ఒక గదిలో టీవీ, వంటగదిలో రేడియో. నేను గడులు నింపుతూ, "ఇన్ని ఎందుకండీ, కరెంటు వృథా కదా" అన్నాను. అనకూడని మాట, మా పని రాసుకోవడం వరకే. ఆవిడ ఏమీ అనుకోకుండా, "ఇల్లు చప్పుడు చేయకపోతే ఉండలేను బాబూ" అంది. ఫారంలో యూనిట్లు రాశాను. ఎందుకు అన్నదానికి గడి లేదు. ఆ ఫారం అంచున పెన్సిలుతో 'ఒంటరి' అని రాసి, మళ్ళీ రబ్బరుతో చెరిపేశాను. చెరపకుండా ఉండాల్సింది.

ఇనుప సామాను చేసే ఒకాయన ఉండేవాడు. ప్రయాణం గడిలో మొదట ఆయనకి సున్నా. పని ఇంటి వెనక వీధిలోనే. తర్వాత ఆ కార్ఖానా ఊరి అవతలికి తరలిపోయింది. బస్సు లేదు, బండి కొన్నాడు. సున్నా కాస్తా రోజుకి ముప్ఫై కిలోమీటర్లయింది. "నేనెక్కడికీ దూరం పోలేదు సార్, పనే దూరం పోయింది" అన్నాడు. మనుషులకి బాధ్యత లేదని, అలవాట్లు చెడిపోయాయని ఎవరైనా ఉపన్యాసం ఇస్తుంటే నాకు ఆయన మాటే వినపడుతుంది. ఏ వీధిలో ఇల్లుండాలి, ఎక్కడ పనుండాలి, బస్సు ఏ దారిన నడవాలి అన్నవి ఎవరో ఎక్కడో తేల్చేశాక ఆయనకి మిగిలిన ఎంపిక బండి రంగు ఒక్కటే.

పాదముద్ర ఎంతో లెక్క కట్టకముందే నాకు ఒక అంచనా తెలిసిపోయేది, ఫారం నింపడానికి ఎంతసేపు పట్టిందో దాన్ని బట్టి. ఒకే గది ఇంట్లో ఐదు నిమిషాలు. లేదు, లేదు, లేదు అని గీతలు కొట్టుకుంటూ పోవడమే. కొన్ని ఇళ్ళలో పూట గడిచిపోయేది, అదనపు కాగితం జతచేయాల్సి వచ్చేది. విమాన ప్రయాణాల గడి దగ్గర వాళ్ళు ఆలోచించి, వేళ్ళ మీద లెక్కపెట్టి, పక్కగదిలోకి కేకవేసి కనుక్కునేవారు. ప్రపంచంలో బాగా డబ్బున్న 10 శాతం మంది వల్లే దాదాపు సగం ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే ఆ బొగ్గుపులుసు వాయువు, వస్తున్నాయని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. నా చేతివేళ్ళకి ఆ సంగతి ముందే తెలుసు.

*

సంపద పెరిగితే మొదట కాలుష్యం పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుందని ఒక వాదన ఉంది. ఆర్థికవేత్తలు జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ 1991లో గంధకపు వాయువు, పొగ వంటివాటి లెక్కలు తీసి అలాంటి వంపు ఒకటి చూపించారు. మా వంటగది గోడ ఆ వంపులోనే ఉంది. పొగ కళ్ళు మండిస్తుంది, దగ్గిస్తుంది, డబ్బు చేతికి రాగానే మనిషి మొదట దాన్నే వదిలించుకుంటాడు. కానీ మీటరు వెనక ఎక్కడో దూరాన కాలే బొగ్గు ఎవరి కళ్ళనీ మండించదు. సామాజిక శాస్త్రవేత్తలు రిచర్డ్ యార్క్, యూజిన్ రోసా, థామస్ డీట్జ్ 2003లో దేశాల పాదముద్రల్ని పోల్చి చూస్తే సంపదతో పాటు అది పెరుగుతూనే ఉంది, వెనక్కి తిరిగిన జాడ వాళ్ళకి దొరకలేదు. మసి పోయింది, చక్రం ఆగలేదు. రెండూ నిజమే.

పొదుపు యంత్రాల సంగతీ అంతే. మా పాత ఇంట్లో నాలుగు బల్బులు, ఒక్కోటి 60 వాట్లు. అన్నీ ఒకేసారి వేస్తే 240 వాట్లు, అలా ఎప్పుడూ వేసేవాళ్ళం కాదు. ఇప్పుడు నా ఇంట్లో ఎల్‌ఈడీలు ఒక్కోటి 9 వాట్లు. ఎంత పొదుపో అని మురిసిపోయి, ఒక రాత్రి లేచి లెక్కపెట్టాను. మెట్ల మీద, అలమారల కింద, అద్దాల పైన, బాల్కనీలో కలిపి 31. అంటే 279 వాట్లు. ఉండేది ముగ్గురం. ఇంగ్లండులో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే బొగ్గు గురించి ఈ మాట చెప్పాడు: ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం నేర్చినకొద్దీ దేశం మొత్తం మీద బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే చౌకైనదాన్ని మనుషులు ఇంకా ఎక్కువ చోట్ల వాడతారు. అన్నిసార్లూ అలాగే జరుగుతుందని కాదు. ఎల్‌ఈడీ లేకపోతే ఆ 31కి 1860 వాట్లు అయ్యేవి. కానీ ఎల్‌ఈడీ లేకపోతే 31 పెట్టేవాణ్ణా?

నాన్న మా ఇంటికి వచ్చి ఉన్న చివరి నెలల్లో, చేతికర్ర పట్టుకుని గది గదికీ వెళ్ళి ఆర్పుకుంటూ వచ్చేవాడు. మా స్విచ్చులు చప్పుడు చేయవు. ఆరిందో లేదో తెలియక రెండుసార్లు నొక్కేవాడు, దీపం మళ్ళీ వెలిగేది. ఒకసారి విసుక్కున్నాను. "వదిలెయ్ నాన్నా, అది వాడే కరెంటు ఎంతని" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడు. ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసినవాణ్ణి, ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

*

2020లో అందరం ఇళ్ళలో కూర్చున్న రోజులు గుర్తున్నాయి. రోడ్డు మీద చప్పుడు లేదు. ప్రపంచమంతా కదలకుండా ఉంది, ఇక ఉద్గారాలు సగానికి పడిపోతాయేమో అనుకున్నాను. ఏడాది మొత్తం మీద తగ్గింది 5, 6 శాతం. మరుసటి ఏడాదే దాదాపు ఉన్నచోటికి వచ్చేసింది. అప్పుడు నాకు మా ఇంటి పాత మీటరు గుర్తొచ్చింది. నాన్న టార్చి వేసి చూస్తే గీత నిలబడి ఉండేది. ఇప్పుడు అందరూ పడుకున్నా, అందరూ ఇంట్లోనే కూర్చున్నా, చక్రం దాదాపు అదే వేగంతో తిరుగుతోంది. దాన్ని తిప్పేది మనం చేసే పనులకంటే మనం బతకడానికి కట్టుకున్న ఏర్పాట్లే.

*

మళ్ళీ ఆ గదికి వస్తాను.

సామాను పంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఎవరికీ ఏమీ అక్కర్లేదు. సుత్తి చూపించి "నువ్వు తీసుకో" అంటే అన్నయ్య "నా దగ్గర ఉందిరా" అన్నాడు. అక్కా అదే మాట. నా దగ్గరా ఉంది. ముగ్గురికీ మూడు సుత్తులు, మూడు నిచ్చెనలు, మూడు డ్రిల్లింగ్ మిషన్లు. నా డ్రిల్లింగ్ మిషన్ కొన్నాక ఎన్నిసార్లు వాడానో ఒక చేతి వేళ్ళు చాలు చెప్పడానికి. నాన్న సుత్తి కాడ ఆయన పిడికిలి పట్టేచోట అరిగి, నున్నగా, కొంచెం సన్నగా ఉంది. అక్క దాన్ని కాసేపు పట్టుకుని, ఏమీ అనకుండా తన సంచిలో పెట్టుకుంది.

డబ్బా నేను తెచ్చుకున్నాను.

రెండు నెలల తర్వాత అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, నాన్న డబ్బాలో తోలు వాషర్లు ఉండాలి కదా? కుళాయి మూడు రోజులుగా కారుతోంది. మొత్తం కుళాయే మార్చాలంటున్నారు." వెతికాను. సైజుకి సరిపోయేవి మూడు దొరికాయి. తోలు ఎండి గట్టిపడింది, నూనెలో నానబెట్టాను. సాయంత్రానికి పట్టుకెళ్ళాను. ఇద్దరికీ సరిగా రాదు, వంగుని, ఒకరి తల ఒకరికి తగులుతూ, నీళ్ళు మీద పడుతూ గంట పట్టింది. బిగించాక ఇద్దరం కదలకుండా నిలబడి కుళాయి మూతి కేసి చూశాం. ఒక చుక్క వేలాడింది. పడలేదు.

"ఇలా కలిసి ఎంతకాలమైందిరా" అన్నాడు అన్నయ్య చేతులు తుడుచుకుంటూ.

మిగిలిన వాషర్లు డబ్బాలో వేసి మూత పెట్టబోతుంటే "ఆగు" అని లోపలికి వెళ్ళాడు. అలమార అరలోంచి కాగితం పొట్లం ఒకటి తెచ్చాడు. గోడలోంచి పీకిన నాలుగు వంకర మేకులు.

"ఎప్పటివి?" అన్నాను.

"ఇల్లు మారినప్పుడు పీకినవి. పారేయబుద్ధి కాలేదు."

వెనక గుమ్మం దగ్గర రాయి కోసం వెతికాను. అన్నయ్య పట్టకారు తెచ్చాడు. సుత్తి అక్క దగ్గరుంది. ఫోన్ చేశాం.